చార్మినార్‌కు ఎనభై గడులు చాలా? ఫొటో అక్షరచిత్రంగా మారే తీరు, చెడే తీరు

క్లుప్తంగా: ఫొటోను అక్షరాల బొమ్మగా మార్చడమంటే దాన్ని గడులుగా కోసి, ఒక్కో గడి వెలుగుకు తగ్గ గుర్తును అక్కడ పెట్టడం. మొహం సాగిపోయింది, బొమ్మ మసకబారింది, పంపగానే చెదిరిపోయింది అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం గుర్తుల ఎంపిక కాదు, గడి కొలత. తెలుగు అక్షరాలతో ఈ పని మొండికేయడానికి కారణమూ గడే.

ఒక పేరు, మూడు పనులు

హైదరాబాద్‌లో 'టెక్స్ట్ ఆర్ట్' అని అడిగితే మూడు వేర్వేరు వస్తువులు చేతికి రావచ్చు. గిఫ్టు షాపులో పెళ్లిరోజు కానుకగా ఫ్రేము కట్టించేది ఒకటి. అందులో దంపతుల పేర్లను చిన్న అక్షరాల్లో వందలసార్లు పరిచి, ఫొటో రంగులనే ఆ అక్షరాలకు పూస్తారు. అక్కడ అక్షరాలు జల్లెడ లాంటివి, వాటి సందుల్లోంచి కనిపించేది ఫొటోనే. రెండోది పండగ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దీపాలు, పువ్వులు. వాటిని ఎవరో ఓపికగా కీబోర్డు గుర్తులతో చేత్తో కూర్చుతారు. మూడోది అసలైన ఆస్కీ ఆర్ట్ (ఆస్కీ అంటే కంప్యూటరులో ఒక్కో గుర్తుకు ఒక్కో అంకె ఇచ్చే పట్టిక). ఇందులో ఫొటో పూర్తిగా మాయమై వట్టి అక్షరాలే మిగులుతాయి. ఆ అక్షరాల్లో ఉన్న సిరా ఎక్కువ తక్కువలే వెలుగునీడలవుతాయి.

ఈ తేడా తెలియక వచ్చే చిక్కు చిన్నది కాదు. మొదటి రకం బొమ్మలోని నునుపు చూసి మూడో రకం వెబ్‌సైటులో ఫొటో పెట్టినవారికి వచ్చేది ముప్పై వరుసల చుక్కలు, గీతలు. సైటు సరిగా పనిచేయలేదని అనుకుంటారు. నిజానికి అది చేయాల్సిన పనే చేసింది.

పద్ధతి పాతదే. 1898లో ఫ్లోరా స్టేసీ అనే ఇంగ్లండు మహిళ టైపురైటర్‌పై కొట్టిన సీతాకోకచిలుక దొరుకుతున్న తొలి నమూనాల్లో ఒకటి. 1966లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కెన్నెత్ నోల్టన్, లియోన్ హార్మన్ ఒక ఫొటోను కంప్యూటరుతో చదివించి, చిన్న చిన్న గుర్తులతో గోడంత బొమ్మగా అచ్చువేశారు. దగ్గర నుంచి చూస్తే గుర్తులు, దూరం జరిగితే మనిషి. ఆస్కీ సంకేతపట్టిక 1963లో వెలువడింది. ఇప్పటి రూపంలో అందులో 128 సంకేతాలుంటే అచ్చులో కనబడేవి, ఖాళీని కూడా కలుపుకొని, 95. ఇప్పటికీ చాలా సైట్లు వాడే సరుకు ఆ తొంభై అయిదే. మన బంధకవిత్వంలో నాగబంధం, చక్రబంధం కూడా అక్షరాలతో కట్టిన బొమ్మలే అయినా అక్కడ దారి వేరు. పద్యం అర్థం చెడకుండా అక్షరం బొమ్మలో ఒదగాలి. ఇక్కడ అక్షరానికి అర్థంతో పనే లేదు, దాని నలుపు ఎంతన్నదే లెక్క.

గడి ముందు, అక్షరం తర్వాత

చుక్కల ముగ్గు వేసేవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. చుక్కలు అడ్డంగా దగ్గరగా, నిలువుగా ఎడంగా పడితే పద్మం గుండ్రంగా రాదు, పొడుగు సాగుతుంది. అక్షరాల గడులు పుట్టుకతోనే అలా ఉంటాయి. టైపురైటర్‌లో అంగుళానికి అడ్డంగా 10 అక్షరాలు, నిలువుగా 6 వరుసలు పడతాయి. అంటే గడి వెడల్పు ఎత్తులో 0.6 వంతు. కంప్యూటర్ టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) వరుసల ఎడం కాస్త పెరిగి ఆ నిష్పత్తి 0.5 దగ్గరికి వస్తుంది. ఫొటోలోని పిక్సెల్ మాత్రం చతురస్రం. ఈ రెంటి మధ్య లెక్క సరిచేయకపోతే గుండ్రటి మొహం దోసకాయ అవుతుంది.

లెక్క ఒక్క ముక్కలో: వరుసల సంఖ్య = నిలువు గీతల (ఒక్కో వరుసలో అడ్డంగా పడే గడుల) సంఖ్య × ఫొటో ఎత్తు ÷ ఫొటో వెడల్పు × గడి నిష్పత్తి. ఫోన్‌తో అడ్డంగా తీసిన ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు అనుకుందాం. 80 నిలువు గీతలు కావాలంటే 80 × 0.75 × 0.5, అంటే 30 వరుసలు. ఒక్కో గడి కింద 50 పిక్సెళ్ల వెడల్పు, 100 పిక్సెళ్ల ఎత్తు, మొత్తం 5,000 పిక్సెళ్లు పడతాయి. వాటి సగటే ఆ గడి వెలుగు. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు 2,400 అక్షరాలకు కుదించుకుపోయాయన్నమాట. నిష్పత్తి మరిచిపోతే 60 వరుసలు వచ్చి బొమ్మ రెట్టింపు ఎత్తుకు లేస్తుంది.

సగటు తీయడంలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) ఫొటోను చిన్నది చేసేటప్పుడు గడి మొత్తాన్ని కలపకుండా మధ్యలో ఒక్క పిక్సెల్‌ను ఏరుకుంటాయి. వేగంగా పని అవుతుంది కానీ చీర అంచు, జుట్టు, కరెంటు తీగల దగ్గర అక్షరాలు చిందరవందరగా పడతాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బొమ్మల పనికి పిల్లో లైబ్రరీ వాడేవారు కుదింపు పద్ధతిగా 'బాక్స్' గానీ 'లాంక్జోస్' గానీ ఎంచుకుంటే ఈ బెడద తప్పుతుంది.

సిరా లెక్క

గడి కుదిరాక రంగు ఫొటోను బూడిద రంగులోకి మార్చాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను మూడో వంతు చొప్పున కలిపితే సరిపోదు, కంటికి పచ్చ ఎక్కువ వెలుగుగా తోస్తుంది కాబట్టి. పిల్లో వాడే తూకం ఎరుపు 0.299, పచ్చ 0.587, నీలం 0.114. ముదురు నీలం పట్టుచీర బొమ్మలో దాదాపు నల్లగా తేలడానికి కారణం ఈ చివరి అంకె.

తర్వాత ఆ వెలుగును గుర్తుల నిచ్చెనకు తగిలించాలి. ఎక్కువగా వాడే పది మెట్ల నిచ్చెన ఇది, ఎడమ కొస చిక్కన, కుడి కొస ఖాళీ:

@ % # * + = - : . (చివర ఖాళీ)

తెల్ల కాగితానికి ఈ వరస సరి. నల్ల తెర మీద అక్షరమే వెలుగు కనుక నిచ్చెన తిరగెయ్యాలి. లేకుంటే బొమ్మ పాతకాలపు ఫిల్మ్ నెగెటివ్‌లా, మొహం నల్లగా, జుట్టు తెల్లగా వస్తుంది. 'బొమ్మ దయ్యంలా వచ్చింది' అన్న ఫిర్యాదుకు విరుగుడు ఈ ఒక్క మార్పే.

కొత్తగా ప్రోగ్రాము రాసేవారు పడే గుంట మరొకటి ఉంది. వెలుగు 0 నుంచి 255 దాకా ఉంటుంది, మెట్లు పది. వెలుగును పదితో గుణించి 255తో భాగిస్తే అచ్చ తెలుపు దగ్గర పదకొండో మెట్టు అడిగి ప్రోగ్రాము ఆగిపోతుంది. 256తో భాగించాలి. ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా 255 చేరనంత వరకు ఈ తప్పు బయటపడదు. అందుకే ఇంట్లో తీసిన ఫొటోలతో నడిచిన కోడ్ ఎండలో తీసిన ఫొటో దగ్గర బోర్లాపడుతుంది.

నిచ్చెన వరస కూడా దైవదత్తం కాదు. ఏ ఫాంటులో ఏ గుర్తుకు ఎంత సిరా ఉందో కొలిచి పేర్చుకోవాలి. ఒక్కో గుర్తును అదే ఫాంటులో చిన్న బొమ్మగా గీయించి నల్ల పిక్సెళ్లు లెక్కపెడితే చాలు, పాతిక వరుసల కోడ్ కూడా పట్టదు. అలా కొలిస్తే తేలే సంగతి ఒకటి: మామూలు మందం ఫాంటులో అన్నిటికంటే చిక్కటి గుర్తు కూడా గడిలో సగం నింపదు. కాబట్టి తెల్ల కాగితం మీద అచ్చ నలుపు దొరకనే దొరకదు, చిక్కటి చోటు కూడా బూడిదగానే ఉంటుంది. పాత లైన్‌ప్రింటర్ల కాలంలో ఒకే చోట రెండు మూడు అక్షరాలు ఒకదానిపై ఒకటి కొట్టి ఈ లోటు పూడ్చేవారు. ఇప్పుడు బోల్డ్ ఫాంటు పెట్టి, వరుసల ఎడం తగ్గించడమే మార్గం. ఎడం తగ్గిస్తే గడి నిష్పత్తి మారుతుంది, పైన చెప్పిన లెక్క మళ్లీ చేయాలి. ఈ రెండో అడుగు మరిచేవారే ఎక్కువ.

మెట్లు పెంచితే, పదికి బదులు డెబ్బై గుర్తులు వాడితే బొమ్మ బాగుపడుతుందన్న నమ్మకం సగమే నిజం. పక్కపక్క మెట్ల మధ్య సిరా తేడా కంటికి ఆనదు, పైగా గుర్తుల ఆకారాలు మారుతూ గరుకుగా కనబడతాయి. నున్నటి బుగ్గ మీద అంకెలు, అక్షరాలు కలగాపులగంగా పడితే మచ్చల్లా తోస్తాయి. మొహాలకు పది పన్నెండు మెట్లు మేలు. అవి చాలవనిపిస్తే ఫ్లాయిడ్, స్టైన్‌బెర్గ్ అనే పరిశోధకులు 1976లో చూపిన పద్ధతి ఉంది. ఒక గడి అసలు వెలుగుకూ, దానికి దక్కిన గుర్తు వెలుగుకూ మధ్య మిగిలిపోయిన తేడాను పదహారు పాళ్లు చేసి కుడి గడికి 7, కింది వరుసలో ఎడమ నుంచి వరసగా 3, 5, 1 పంచుతారు.

ఏ ఫొటో నిలుస్తుంది

చార్మినార్ ఎదురుగా నిలబడి తీసిన ఫొటోనే తీసుకుందాం. కట్టడం ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు, కమాను వెడల్పు 11 మీటర్లు. ఫొటోలో కట్టడం సగం వెడల్పు ఆక్రమిస్తే 80 గడుల్లో దానికి దక్కేవి 40. అంటే గడికి అర మీటరు. కమానుకు 22 గడులు వస్తాయి, వంపు చక్కగా తెలుస్తుంది. పై అంతస్తు కటకటాల అల్లిక, గచ్చు నగిషీ అర మీటరు కన్నా చిన్నవి కాబట్టి అవన్నీ కలిసి ఒకే నీడగా మారతాయి. అంటే 80 గడులు చార్మినార్‌ను గుర్తుపట్టడానికి చాలు, దాని పనితనం చూడటానికి చాలవు. కింద ఆటోలు, తోపుడుబండ్లు, జనం ఉంటే అదంతా ఉప్పూకారం చల్లినట్టు చుక్కలవుతుంది. ఆ భాగాన్ని కత్తిరించి మార్చడమే మంచిది.

నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం దీనికి తలకిందులు. పాలరాయి తెలుపు, మధ్యాహ్నపు ఆకాశం తెలుపు, రెండూ నిచ్చెనలో ఒకే మెట్టు మీద కూర్చుంటాయి. కళ్లకు రంగు తేడా కనిపించే చోట వెలుగు తేడా లేకపోవచ్చు. పొద్దు వాలాక ఆకాశం ముదురుతున్నప్పుడు దీపాల వెలుగులో తీసిన ఫొటో అయితే గోపురం గీత నిలబడుతుంది.

మనుషుల ఫొటోల్లో కొలత మొహమే. మొహం వెడల్పు అయిదు కళ్ల వెడల్పు అని బొమ్మలు గీసేవారి లెక్క. మొహానికి 60 గడులు ఇస్తే కంటికి 12 గడులు, రెండు మూడు వరుసలు వస్తాయి, అప్పుడే చూపు తెలుస్తుంది. నిలువెత్తు మనిషిని 30 వరుసల్లో ఇరికిస్తే తలకు దక్కేవి నాలుగు వరుసలు. అందులో కళ్లూ ముక్కూ వెతకడం వృథా. అందుకే పెళ్లి స్టేజీ మీద తీసిన గ్రూప్ ఫొటో ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చినా బూడిద గోడే తిరిగొస్తుంది.

మార్చే ముందు చేసే చిన్న పనులు సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ ఫలితమిస్తాయి. వెలుగు కొసల్లో ఒకటి రెండు శాతం వదిలేసి కాంట్రాస్టు సాగదీయాలి. వెనకాల గోడ, చెట్లు తీసేయాలి. అలా తీసిన ఫొటోను పారదర్శక పీఎన్‌జీగా దాచుకుంటే మార్చేటప్పుడు ఆ ఖాళీ తరచూ నల్లగా మారుతుంది, అందుకే కింద తెల్ల పొర పరిచి దాచాలి. నిలువుగా తీసిన ఫొటో మార్చాక చార్మినార్ పక్కకు పడుకుంటే అది ఫోను చేసిన పని. ఫోను చాలాసార్లు ఫొటోను తిప్పకుండా, 'ఇలా తిప్పి చూపించు' అన్న గుర్తు మాత్రం ఫైలులో రాస్తుంది. ఆ గుర్తును పట్టించుకోని స్క్రిప్టుకు ఫొటో అడ్డంగానే కనబడుతుంది.

తెలుగు అక్షరాలతో ఎందుకు మొండికేస్తుంది

సైటులో ఇంగ్లిష్ గుర్తుల స్థానంలో తెలుగు అక్షరాలు ఇచ్చి చూసినవారికి బొమ్మ కుడి అంచు రంపంలా వస్తుంది. మొదటి కారణం వెడల్పు. ఆస్కీ బొమ్మకు వాడే కొరియర్ లాంటి ఫాంటులో ప్రతి గుర్తుకూ ఒకే వెడల్పు. గౌతమి, మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లలో 'ర'కు ఒక వెడల్పు, 'ఝ'కు మరో వెడల్పు. ఒక వరుసలో నాలుగు 'ఝ'లు పడితే ఆ వరుస తర్వాతి భాగమంతా పక్కకు జరుగుతుంది.

రెండోది లెక్కింపు. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరం. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పొడవు అడిగితే పైథాన్ ఆరు అంటుంది, ఆ సంకేతాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 18 బైట్లు. సంకేతాలను గడుల్లా లెక్కపెట్టే ప్రోగ్రాము 80 అని మొదలుపెట్టి ఎన్ని గడులు నింపుతుందో దానికే తెలియదు. గుణింతపు గుర్తును విడిగా గడిలో పెడితే దాని పక్కన చుక్కల వలయం వచ్చి చేరుతుంది, ఆనుకోవడానికి అక్షరం లేదని. ఒత్తులు కింది వరుసలోకి దిగుతాయి కాబట్టి వరుసల ఎడం పెంచాలి, పెంచితే సిరా పలచబడుతుంది.

అయినా దారి మూసుకుపోలేదు. జపాన్‌లో ఎమ్మెస్ పీ-గోథిక్ అనే ఒకే ఫాంటును, ఒకే సైజును అందరూ ఒప్పుకోవడం వల్ల వెడల్పులు సమానంగా లేని అక్షరాలతోనే గొప్ప బొమ్మల సంప్రదాయం పెరిగింది. తెలుగులోనూ అదే సూత్రం పనిచేస్తుంది. ఒత్తులు, గుణింతాలు లేని అక్షరాలు పది పన్నెండు ఎంచుకుని, ఒకే ఫాంటులో వాటి సిరా కొలిచి, ఒక్కో అక్షరాన్ని సమానమైన గడి మధ్యలో గీయించి, చివరకు బొమ్మను పీఎన్‌జీగానో పీడీఎఫ్‌గానో ఇవ్వాలి. పలచటి కొసలో 'గ', 'ర', చిక్కటి కొసలో 'ఘ', 'ఝ', 'ఋ' సహజంగా పడతాయి. తెలుగు అక్షరాల గడి నిలువుగా కాక చతురస్రానికి దగ్గరగా ఉంటుంది కనుక నిష్పత్తి 0.5 కాదు, 0.8 నుంచి 1 మధ్య పెట్టి సరిచూసుకోవాలి. కాపీ చేసి అతికించే బొమ్మ మాత్రం తెలుగులో రాదు. ఫ్రేము కట్టే బొమ్మ వస్తుంది.

పంపిన చోట చెదిరే బొమ్మ

కంప్యూటర్‌లో ముచ్చటగా ఉన్న బొమ్మ వాట్సాప్‌లో ముక్కలవడానికి మూడు కారణాలు ఒకేసారి పనిచేస్తాయి. అక్కడి మామూలు ఫాంటు సమాన వెడల్పుది కాదు. తెర మీద వరుసకు ముప్పై నలభై గుర్తులకు మించి పట్టవు కాబట్టి 80 గడుల వరుస రెండు మూడుగా విరుగుతుంది. ఇక * గుర్తుల మధ్య ఉన్నదాన్ని వాట్సాప్ బోల్డ్ చేయమన్న ఆజ్ఞగా తీసుకుని ఆ గుర్తులనే మింగేస్తుంది, ~ అయితే కొట్టివేత గీత. బొమ్మకు ముందూ వెనకా మూడేసి ` గుర్తులు పెడితే ఫాంటు సమస్య, మింగుడు సమస్య తీరతాయి. వెడల్పును 30కి తగ్గించుకోవడం తప్పదు.

బ్రెయిలీ చుక్కలతో చేసే బొమ్మలు ఫోన్లలో ఎక్కువ నిలుస్తాయి. యూనికోడ్‌లో 256 బ్రెయిలీ అమరికలున్నాయి. ఒక్కో గడిలో అడ్డం రెండు, నిలువు నాలుగు చుక్కలు. 30 గడుల వెడల్పులో 60 చుక్కలు దొరుకుతాయన్నమాట. పైగా అందులోని ఖాళీ అమరికను కంప్యూటరు ఖాళీగా లెక్కకట్టదు కాబట్టి వరుస మొదట్లోని ఖాళీలు తెగిపోవు. వెబ్‌పేజీల్లో ఆస్కీ బొమ్మ ఎడమకు కుప్పపడటానికి ఆ తెగిపోవడమే కారణం, అక్కడ బ్రౌజరు వరస ఖాళీలన్నిటినీ ఒకటిగా కుదించేస్తుంది.

ఫొటోను ఎక్కించే సైట్ల విషయంలో ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. పేజీ తెరుచుకున్నాక నెట్ ఆపేసి ఫొటో ఇవ్వాలి. బొమ్మ వస్తే పని ఫోనులోనే జరుగుతోంది. రాకపోతే ఫొటో ఎక్కడికో వెళ్లాకే బొమ్మ తయారవుతోందని అనుకోవాలి.

బిల్లు కాగితం మీద

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరికే బిల్లింగ్ థర్మల్ ప్రింటర్ ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. 58 మిల్లీమీటర్ల కాగితంలో అచ్చు పడేది 48 మిల్లీమీటర్లు, మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున 384 చుక్కలు. మామూలు అక్షరం 12 × 24 చుక్కలు కాబట్టి వరుసకు 32 అక్షరాలు, గడి నిష్పత్తి సరిగ్గా 0.5. నిలువు ఫొటో, అంటే వెడల్పు మూడు పాళ్లు ఎత్తు నాలుగు పాళ్లు, ఇస్తే 21 వరుసలు వస్తాయి. వరుసకు 24 చుక్కలైతే బొమ్మ ఎత్తు 63 మిల్లీమీటర్లు ఉండాలి.

కొలిచి చూస్తే 79 ఉంటుంది. చాలా నమూనాల్లో వరుసల ఎడం మొదటే 30 చుక్కలుగా పెట్టి ఉండటమే కారణం. వరుసకీ వరుసకీ మధ్య 6 చుక్కల తెల్ల చార పడి బొమ్మ కిటికీ ఊచల వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. అచ్చుకు ముందు 27, 51, 24 అన్న మూడు బైట్లు పంపితే ఎడం 24కు దిగుతుంది. కొన్ని నమూనాల్లో ఈ అంకె కొలమానం వేరు, కాబట్టి ఒక బొమ్మ తీసి స్కేలు పెట్టి చూసుకోవాలి. ఈ కాగితం వేడికి నల్లబడే రకం. ఎండ తగిలే చోట, కారు డాష్‌బోర్డు మీద పెడితే బొమ్మ పాడవుతుంది.

చాట్‌బాట్‌ను అడిగితే

ఫొటో ఇచ్చి 'దీన్ని ఆస్కీ బొమ్మగా గీయి' అంటే చాట్‌బాట్ తరచూ ఎవరిదో కాని మొహం, దేనిదో కాని గోపురం ఇస్తుంది. చాట్‌బాట్ వెనకుండే భాషా నమూనాలు వాక్యాన్ని అక్షరాలుగా కాక ముక్కలుగా తీసుకుంటాయి. పది ఖాళీలు ఒకే ముక్క కావచ్చు, అయిదు గీతలు మరో ముక్క. పై వరుసలోని పన్నెండో గడి కింద ఏముందన్నది వాటికి నేరుగా కనిపించదు. గీయమనడం కన్నా, మార్చే ప్రోగ్రాము రాసిమ్మనడం మేలు. గడి నిష్పత్తి, మెట్ల సంఖ్య, నేపథ్యం నలుపో తెలుపో చెప్పి అడిగితే పనికొచ్చే కోడే వస్తుంది.

చెవితో చదివేవారికి

ఫోను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే చూపులేని వారికి ఈ బొమ్మ చేరితే, 30 వరుసల గుర్తుల్లో ఏది బొమ్మ ఏది మాట అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. శాతం, ప్లస్, ప్లస్ అంటూ గుర్తుల పేర్లు చదవడం మొదలుపెట్టవచ్చు. బొమ్మను తెరపట్టుగా (స్క్రీన్‌షాట్‌గా) తీసి వివరణ జోడించి పంపడం ఒక పద్ధతి. అక్షరాలుగానే పంపాలంటే పై వరుసలో 'చార్మినార్ బొమ్మ, కింద 30 వరుసలు' అని రాస్తే విన్నవారు దాటుకుని తర్వాతి సందేశానికి వెళ్లగలుగుతారు.